పోస్ట్‌గ్రెస్ 18 సమీక్ష: అయిదు సర్వీసుల పనిని ఒకే డేటాబేస్‌కు అప్పగించవచ్చా?

గత దశాబ్దంలో సాఫ్ట్‌వేర్ సంస్థలు మైక్రోసర్వీసుల (ఒక పెద్ద అప్లికేషన్‌ను చిన్న చిన్న విడి సర్వీసులుగా విడగొట్టే పద్ధతి) బాట పట్టినప్పుడు అప్లికేషన్లతోపాటు డేటా కూడా ముక్కలైంది. లావాదేవీలకు ఒక డేటాబేస్, డాక్యుమెంట్లకు మాంగోడీబీ, క్యాష్‌కు (తరచూ అడిగే డేటాను మెమరీలో ఉంచడానికి) రెడిస్, వెతకడానికి ఎలాస్టిక్‌సెర్చ్, క్యూ (తర్వాత చేయవలసిన పనుల వరుస) కోసం ర్యాబిట్‌ఎంక్యూ లేదా కాఫ్కా, ఇటీవల ఏఐ ఎంబెడింగ్‌ల (అర్థాన్ని సంఖ్యల వరుసగా, అంటే వెక్టర్‌గా మార్చిన రూపం) కోసం ప్రత్యేకంగా ఒక వెక్టర్ డేటాబేస్ చేరాయి. వీటిలో ఒక్కోదానికీ విడిగా బ్యాకప్, విడిగా మానిటరింగ్, విడిగా సెక్యూరిటీ ప్యాచ్‌లు అవసరమయ్యేసరికి పదిమంది ఇంజినీర్లున్న బృందంలో ఇద్దరు ముగ్గురు వాటి ఆలనాపాలనకే పరిమితమైపోయారు. ఇప్పుడు గాలి ఇటు తిరిగింది. వీలైనన్ని పనులు పోస్ట్‌గ్రెస్ అనే ఒక్క ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కే అప్పగించి, అది నిజంగా మోయలేనప్పుడే మరో సర్వీసు తెచ్చుకోవాలనే ఆలోచన చాలా ఆర్కిటెక్చర్ చర్చల్లో మొదటి ప్రతిపాదనగా వస్తోంది. 2025 సెప్టెంబర్ 25న విడుదలైన 18వ వెర్షన్‌ను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను. మధ్యస్థాయి సంస్థకు ఇంతకన్నా మంచి తొలి ఎంపిక నాకు కనిపించడం లేదు. అయితే వాక్యూమ్ (పాతబడిన వరుసలను శుభ్రం చేసే పని), కనెక్షన్లు, బ్యాకప్ అనే మూడింటి బాధ్యతను పేరుపెట్టి ఒకరికి అప్పగించని చోట ఇదే ఉత్పత్తి కంటి మీద కునుకు లేకుండా చేయగలదు.

ఎంపికలో మొదట చూడవలసినది వేగం కన్నా యాజమాన్యం అని నా అభిప్రాయం. మాంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, టెర్రాఫామ్ రూపొందించిన హాషీకార్ప్ 2023లో, రెడిస్ 2024 మార్చిలో తమ ఓపెన్ సోర్స్ లైసెన్సులను వదిలి నియంత్రణలున్నవాటికి మారాయి. రెడిస్ మార్పు జరిగిన కొద్ది రోజులకే లైనక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ అనే చీలిక పుట్టింది. తర్వాత ఎలాస్టిక్, రెడిస్ రెండూ ఏజీపీఎల్ అనే లైసెన్సు కింద మళ్లీ ఓపెన్ సోర్స్‌కు వచ్చినా, ఈలోగా ఎన్నో సంస్థల్లో లీగల్ విభాగాలూ ఇన్‌ఫ్రా బృందాలూ కూర్చుని ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది. పోస్ట్‌గ్రెస్ విషయంలో అటువంటి భయం లేదు. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్ఎస్‌క్యూఎల్‌గా పేరు మార్చుకున్న ఈ ప్రాజెక్టు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 2025లోనే డేటాబ్రిక్స్ నియాన్‌నూ, స్నోఫ్లేక్ క్రంచీ డేటానూ కొనుగోలు చేశాయి. అయినా కొన్నది ఆ కంపెనీలను మాత్రమే, పోస్ట్‌గ్రెస్‌ను కొనడానికి అమ్మేవారు ఎవరూ లేరు. మనవాళ్ల చేయి కూడా ఇందులో గట్టిగానే ఉంది. ఇండెక్సులను (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలను) తాకకుండా వరుసలను అప్‌డేట్ చేసే హాట్ అనే పద్ధతిని 2008లో వచ్చిన 8.3 వెర్షన్ కోసం రూపొందించినవారు పవన్ దేవళసీ.

ఇక పనితీరు. 18లో అందరూ మాట్లాడుకునే మార్పు అసింక్రనస్ ఐఓ. ఇంతకుముందు ఒక పేజీని డిస్క్ నుంచి అడిగి, అది వచ్చేదాకా ఆగి, ఆపైన తర్వాతి పేజీని అడిగే పద్ధతి ఉండేది. ఇప్పుడు అనేక పేజీలను ఒకేసారి అడిగి ఉంచవచ్చు. టేబుల్ మొత్తాన్ని చదివే స్కాన్‌లకూ, బిట్‌మ్యాప్ హీప్ స్కాన్‌లకూ (ఇండెక్సు చూపిన పేజీలను మాత్రమే చదివేవి), వాక్యూమ్‌కూ ఇది వర్తిస్తుంది. కొన్ని సందర్భాల్లో మూడు రెట్ల వరకు మెరుగుదల కనిపించిందని ప్రాజెక్టు ప్రకటించింది. డిస్క్ నెట్‌వర్క్ అవతల ఉండే క్లౌడ్ సర్వర్లలో దీని ఫలితం ఎక్కువగా ఉంటుంది, డేటా అంతా మెమరీలోనే ఇమిడిపోయే చిన్న సిస్టమ్‌లో తేడా పెద్దగా తెలియదు. రాతలకు ఇది ఇంకా వర్తించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

నాకు ఇంతకన్నా నచ్చినవి చిన్నవిగా కనిపించే రెండు సదుపాయాలు. స్కిప్ స్కాన్ వల్ల (రాష్ట్రం, తేదీ) అనే క్రమంలో ఉన్న ఇండెక్సును తేదీ ఒక్కటే అడిగిన క్వెరీకి కూడా వాడుకోగలుగుతుంది. మొదటి కాలమ్‌లో వేర్వేరు విలువలు తక్కువగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేసి, ఒక అదనపు ఇండెక్సు ఖర్చును తప్పిస్తుంది. రెండవది యూయూఐడీ (మరెక్కడా పునరావృతం కాకుండా రూపొందించే గుర్తింపు సంఖ్య) వెర్షన్ 7ను డేటాబేసే తయారుచేసి ఇవ్వడం. పూర్తిగా యాదృచ్ఛికమైన పాత యూయూఐడీలను ప్రైమరీ కీగా (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే విలువగా) పెట్టుకుంటే ఒక్కో కొత్త వరుసా ఇండెక్సులో ఒక్కో మూలకు వెళ్లి పడేది. కాలక్రమాన్ని ముందుభాగంలో మోసే వెర్షన్ 7 కీలు ఇండెక్సు చివరనే వరుసగా చేరతాయి. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అడగగానే బఫర్ల (చదివిన పేజీల) లెక్క దానంతటదే రావడం కూడా రోజూ క్వెరీలు పరిశీలించేవారికి మంచి సౌకర్యం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తే, ఇతర సర్వీసుల పనిని ఇది ఎంతవరకు చేయగలదు? డాక్యుమెంట్ల కోసం 2014లో 9.4 వెర్షన్‌తో వచ్చిన జేసన్‌బీ రకం (నిర్మాణం మారుతూ ఉండే జేసన్ డేటాను దాచే కాలమ్ రకం) ఇప్పటికే నిలదొక్కుకుంది. ఉత్పత్తుల వివరాలు, ఫారాల్లో మారుతూ ఉండే అదనపు సమాచారం వంటివి దీనిలో హాయిగా పెట్టుకోవచ్చు, జిన్ అనే రకం ఇండెక్సుతో వెతుక్కోవచ్చు. అయితే మొత్తం రికార్డునే జేసన్‌గా కుక్కిపెట్టే అలవాటును నేను సమర్థించను. పెద్ద జేసన్‌లో ఒక చిన్న విలువ మార్చినా మొత్తం విలువను తిరగరాయవలసిందే. లోపలి ఫీల్డుల గురించి క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే ప్లానర్ వద్ద మామూలు కాలమ్‌లకు ఉన్నట్లు గణాంకాలు ఉండవు కాబట్టి అంచనాలు గురి తప్పి క్వెరీ ప్లాన్ చెడుతుంది. తరచూ వడపోతకు వాడే ఫీల్డును మామూలు కాలమ్‌గా బయటికి తీయడమే సరైన పద్ధతి.

క్యూ విషయంలో నా అనుభవం చాలా సంతృప్తికరంగా ఉంది. 9.5 వెర్షన్ నుంచి ఉన్న ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ అనే పదబంధంతో, ఒక వర్కర్ (క్యూలోని పనులు చేసే ప్రోగ్రామ్) పట్టుకున్న పనిని మరో వర్కర్ చూడకుండా దాటేసి తర్వాతిదాన్ని తీసుకుంటుంది. ఆర్డర్ నమోదు కావడం, కస్టమర్‌కు ఎస్ఎంఎస్ పంపే పని క్యూలో చేరడం అనే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) జరిగితే, ఆర్డర్ ఉండి సందేశం పోకపోవడం, ఆర్డర్ రద్దయినా సందేశం వెళ్లిపోవడం అనే తలనొప్పులు పుట్టకుండానే పోతాయి. ఈ రెండింటినీ రెండు వేర్వేరు సిస్టమ్‌లలో పెట్టుకున్న బృందాలు ఇదే హామీ కోసం ఎంత కోడ్ రాసుకోవాలో చేసినవారికే తెలుసు. సెకనుకు కొన్ని వందల పనుల వరకు నేను మరో క్యూ గురించి ఆలోచించను. ఒకే ఈవెంట్‌ను అనేక సర్వీసులు తమ తమ వేగంతో చదవాలన్నా, పాత ఈవెంట్లను తిరిగి మొదటినుంచి నడపాలన్నా కాఫ్కా అవసరం నిజమైనదే.

వెక్టర్ల కోసం 2021లో వచ్చిన పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్, 2023లో దగ్గరి పోలికలను వేగంగా వెతికే హెచ్‌ఎన్ఎస్‌డబ్ల్యూ ఇండెక్సు చేరాక, నిజమైన పనికి సిద్ధమైంది. ఒక కస్టమర్‌కు చెందిన పత్రాల్లోనే, అదీ అతనికి చూసే హక్కు ఉన్నవాటిలోనే పోలికలు వెతకమని మామూలు షరతులతో కలిపి అడగగలగడం దీని పెద్ద బలం. విడి వెక్టర్ డేటాబేస్‌లో ఆ హక్కుల సమాచారాన్ని కూడా కాపీ చేసి, మారినప్పుడల్లా సరిచూసుకోవలసి ఉంటుంది. కానీ షరతు బాగా ఇరుకైనదైతే ఇండెక్సు తెచ్చిన దగ్గరి ఫలితాల్లో చాలావరకు వడపోతలో పోయి, పది అడిగితే మూడే రావచ్చు. 0.8 వెర్షన్‌లో వచ్చిన ఇటరేటివ్ స్కాన్‌ను (ఫలితాలు చాలకపోతే ఇండెక్సులో ఇంకా వెతకడం) ఆన్ చేసుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. మామూలు వెక్టర్ రకంలో 2000 డైమెన్షన్లకు (వెక్టర్‌లోని సంఖ్యలకు) మించితే ఇండెక్సు కట్టలేరన్న పరిమితిని మోడల్ ఎంచుకునే ముందే గమనించాలి.

తెలుగు సమాచారాన్ని నిల్వ చేసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. "శ్రీనివాస్" అనే పేరు మన కంటికి నాలుగు అక్షరాలు. పోస్ట్‌గ్రెస్‌లో లెంగ్త్ అడిగితే 10 అంటుంది, ఆక్టెట్ లెంగ్త్ అడిగితే 30 అంటుంది, ఎందుకంటే ఒత్తులు, గుణింతపు గుర్తులు విడివిడి కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తింపు సంఖ్యలు), యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింటు ఒక్కోటీ మూడు బైట్లు. వార్‌క్యార్ (నిడివి పరిమితి పెట్టుకునే టెక్స్ట్ రకం) పరిమితి కోడ్‌పాయింట్లను లెక్కిస్తుంది కాబట్టి, ఇంగ్లిష్ పేర్లను చూసి 30 అని పెట్టిన కాలమ్‌లో ఇంటిపేరుతో కలిపి రాసిన తెలుగు పూర్తి పేరు ఇమడకపోవచ్చు. నిడివిపై గట్టి నియమం అవసరం లేనిచోట టెక్స్ట్ రకం వాడటమే మేలు. ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌లో హిందీ, తమిళం, నేపాలీలకు స్టెమ్మర్లు (పదాన్ని మూలరూపానికి కుదించే సాధనాలు) ఉన్నాయి, తెలుగుకు లేదు. అందువల్ల సింపుల్ అనే కాన్ఫిగరేషన్‌తో "పుస్తకం" అని వెతికితే "పుస్తకాలు", "పుస్తకానికి" ఉన్న పత్రాలు రావు. విభక్తులు, బహువచనాలు పదానికే అతుక్కునే మన భాషకు ఇది చిన్న లోటు కాదు. తెలుగు పత్రాల్లో వెతకడమే ప్రధానమైన ఉత్పత్తికి పోస్ట్‌గ్రెస్ సెర్చ్ ఒక్కటే చాలదని నిస్సంకోచంగా చెబుతాను.

లోపాల్లో మొదటిది వాక్యూమ్, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను అప్‌డేట్ చేస్తే పాత ప్రతి అక్కడే ఉండి కొత్త ప్రతి చేరుతుంది. పాతదాన్ని ఎవరూ చూడవలసిన అవసరం లేదని తేలాక ఆటోవాక్యూమ్ ఆ చోటును తిరిగి వాడుకోవడానికి విడుదల చేస్తుంది. దీనివల్ల చదివేవారు రాసేవారిని ఆపరు, రాసేవారు చదివేవారిని ఆపరు, అది గొప్ప సుగుణం. ఇబ్బందల్లా డిఫాల్ట్ విలువలతోనే. టేబుల్‌లో 20 శాతం వరుసలు పాతబడితే తప్ప ఆటోవాక్యూమ్ కదలదు. పది కోట్ల వరుసలున్న టేబుల్‌లో రెండు కోట్ల పాత ప్రతులు పోగుపడేదాకా ఎదురుచూస్తుందన్నమాట. పెద్ద టేబుళ్లకు దీన్ని ఒకటి రెండు శాతానికి తగ్గించడం నేను ఏ కొత్త సిస్టమ్‌లోనైనా మొదటి రోజే చేసే పని.

అంతకన్నా ప్రమాదకరమైనది మరచిపోయిన ట్రాన్సాక్షన్. ఒక సంస్థలో ఆర్డర్ల స్క్రీన్ రోజురోజుకూ మందగిస్తోందని, సర్వర్ సైజు పెంచాలని నిర్ణయం దాకా వెళ్లిన సమయంలో పరిశీలించడానికి కూర్చున్నాను. టేబుళ్ల గణాంకాలు చూపే పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లో ఆర్డర్ల టేబుల్‌కు బతికున్న వరుసల కన్నా చనిపోయిన వరుసలే ఎక్కువగా కనిపించాయి. ఆటోవాక్యూమ్ క్రమం తప్పకుండా నడుస్తూనే ఉంది, కానీ దేన్నీ తొలగించలేకపోతోంది. తెరిచి ఉన్న సెషన్లను చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో చూస్తే, రిపోర్టులు తీసే ఒక సాధనం ట్రాన్సాక్షన్ తెరిచి, ఫలితం తీసుకుని, కమిట్ చేయకుండా రోజుల తరబడి కనెక్షన్‌ను పట్టుకుని ఉంది. దాని స్నాప్‌షాట్‌కు (అది మొదలైనప్పటి డేటా స్థితికి) అవసరం పడవచ్చేమోనని డేటాబేస్ పాత ప్రతులన్నిటినీ జాగ్రత్తగా దాచిపెట్టింది. ఆ సెషన్‌ను ముగించి వాక్యూమ్ నడపగానే స్క్రీన్ మామూలు వేగానికి వచ్చింది, సర్వర్ పెంచవలసిన అవసరమే రాలేదు. ఇలా ఖాళీగా తెరిచి ఉంచిన ట్రాన్సాక్షన్లను గడువు దాటగానే ముగించే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ అనే సెట్టింగ్ 9.6 నుంచి ఉన్నా, డిఫాల్ట్‌గా అది సున్నా, అంటే అసలు లేనట్లే. ఇంత అవసరమైన రక్షణను వాడుకరికి వదిలేయడాన్ని నేను ఈ ఉత్పత్తి లోపంగానే లెక్కిస్తాను.

వాక్యూమ్ పూర్తిగా వెనకబడితే ఇంకో గండం ఉంది. ట్రాన్సాక్షన్ సంఖ్యలు ఇప్పటికీ 32 బిట్లవే కావడంతో, సుమారు 200 కోట్ల దూరం చేరకముందే పాత వరుసలను ఫ్రీజ్ చేయాలి (ఇక సంఖ్య చూడనక్కర్లేని పాతవిగా గుర్తుపెట్టాలి), లేకపోతే డేటాను కాపాడటానికి డేటాబేస్ కొత్త రాతలను నిరాకరిస్తుంది. 2015లో సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదుచేసే సెంట్రీ, 2019లో ఈమెయిళ్లు పంపే మాండ్రిల్ సర్వీసులు ఈ కారణంగానే తాత్కాలికంగా ఆగిపోయాయి. 17వ వెర్షన్‌లో వాక్యూమ్ వాడే మెమరీ బాగా తగ్గడం ఈ దిశగా మంచి అడుగు.

రెండవ లోపం కనెక్షన్లు. ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్ పుడుతుంది, డిఫాల్ట్ పరిమితి 100. ఇప్పటి ఆర్కిటెక్చర్‌లో లెక్క వేసి చూడండి: 12 సర్వీసులు, కుబెర్నెటీస్‌లో (సర్వీసులను నడిపే వేదిక) ఒక్కోదానికి 4 పాడ్‌లు (నడుస్తున్న కాపీలు), పాడ్‌కు 10 కనెక్షన్ల పూల్ అంటే 480. లోడు పెరిగి పాడ్‌లు రెట్టింపైతే సరిగ్గా అవసరమైన సమయంలోనే డేటాబేస్ తలుపు మూసుకుంటుంది. కొద్ది కనెక్షన్లనే చాలామందికి పంచే పీజీబౌన్సర్‌ను మధ్యలో పెట్టుకోవడం దీనికి నమ్మకమైన మందు. 2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి ట్రాన్సాక్షన్ మోడ్‌లో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలు) కూడా పనిచేయడంతో పాత అభ్యంతరం ఒకటి తొలగింది. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా పూలింగ్ కోసం బయటి సాధనం మీద ఆధారపడవలసి రావడం నాకు నచ్చలేదు.

టేబుల్ నిర్మాణం మార్చడం గురించి ఒక్క హెచ్చరిక చాలు. 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చడం క్షణంలో పని, కానీ ఆ క్షణం కోసం కావలసిన లాక్ దొరక్క ఆల్టర్ టేబుల్ వేచి ఉంటే, దాని వెనక వచ్చిన సెలెక్ట్‌లన్నీ కూడా క్యూ కట్టి నిలబడిపోతాయి. మైగ్రేషన్‌కు ముందు లాక్ టైమౌట్ కొద్ది సెకన్లకు పెట్టుకుని, విఫలమైతే మళ్లీ ప్రయత్నించేలా రాసుకోవాలి.

బ్యాకప్, ఫెయిలోవర్ (ప్రధాన సర్వర్ పడిపోతే మరోదానికి మారడం) విషయాల్లో పోస్ట్‌గ్రెస్ విడిభాగాలు ఇస్తుంది, బిగించుకోవడం మన పని. 2017 జనవరి 31న కోడ్ నిల్వచేసే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డర్ తొలగిపోయినప్పుడు, బ్యాకప్ తీసే పీజీ డంప్ సాధనం వెర్షన్ సరిపడక బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే తెలిసింది, దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రకటించడం వల్ల మిగతావారందరికీ మేలు జరిగింది. పీజీబ్యాక్‌రెస్ట్ అనే సాధనంతో వాల్ (డేటాబేస్ మార్పుల లాగ్) ఆర్కైవింగ్ పెట్టుకుని, నెలకొకసారైనా బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి చూడటం తప్పనిసరి. స్వయంగా ఫెయిలోవర్ చేసే సామర్థ్యం డేటాబేస్‌లో లేదు. అందుకోసం జలాండో తయారుచేసిన పాట్రోనీ వాడాలి, దానికి ఈటీసీడీ వంటి మరో సమన్వయ సర్వీసు కావాలి. అంటే తగ్గించుకోవాలనుకున్న సర్వీసుల సంఖ్య ఇక్కడ కొంత పెరుగుతుంది.

ఈ పనికి తగిన మనిషి లేని బృందాలు క్లౌడ్ సంస్థలు నడిపే పోస్ట్‌గ్రెస్‌ను తీసుకోవడమే మంచిది. లైసెన్సు ఖర్చు ఏమీ లేకపోయినా నెలవారీ బిల్లు తడిసి మోపెడవుతుంది, అయితే అర్ధరాత్రి ఫెయిలోవర్ భారం తగ్గుతుంది. చెల్లింపుల డేటాను దేశంలోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఆదేశించినప్పుడు ఏడబ్ల్యూఎస్‌కు మన దేశంలో ముంబై రీజియన్ ఒక్కటే ఉండేది, దాంతో విపత్తుల కోసం దూరంగా మరో కాపీ ఉంచడం కష్టమైంది. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ వచ్చాక ప్రధాన డేటాబేస్ ఒక నగరంలో, రెప్లికా (దాని కాపీ) మరో నగరంలో ఉంచడం సాధ్యమైంది. సూపర్‌యూజర్ అధికారం ఇవ్వరని, వారి జాబితాలో ఉన్న ఎక్స్‌టెన్షన్లు మాత్రమే దొరుకుతాయని ముందే తెలుసుకుని దిగాలి.

ఎవరికి ఇది సరిపడదు? కోట్ల వరుసలపై నిమిషనిమిషానికీ లెక్కలు తీసే అనలిటిక్స్‌కు క్లిక్‌హౌస్ వంటి కాలమ్ ఆధారిత డేటాబేసే తగినది. ఒక ప్రైమరీ సర్వర్ రాతల భారం మోయలేని స్థాయికి చేరినవారు డేటాను ముక్కలు చేసుకోవలసిందే. 2021లో నోట్స్ యాప్ నోషన్ తన డేటాను 480 తార్కిక షార్డులుగా (ముక్కలుగా) విభజించి 32 డేటాబేసుల్లో సర్దుకుంది. ఆ స్థాయి వచ్చేదాకా ఒక్క సర్వర్‌తోనే ప్రయాణించగలిగింది కూడా. మనలో చాలామంది ఉత్పత్తులు ఆ మలుపు దగ్గరికి కూడా రావు.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. కొత్తగా మొదలుపెట్టేవారు 18నే తీసుకోవాలి. 14వ వెర్షన్‌కు మద్దతు 2026 నవంబర్‌తో ముగుస్తుంది కాబట్టి దానిపై ఉన్నవారు మధ్య వెర్షన్లలో ఆగకుండా పీజీ అప్‌గ్రేడ్‌తో నేరుగా 18కి రావచ్చు. ప్లానర్ గణాంకాలు చాలావరకు వెంట రావడం వల్ల, అప్‌గ్రేడ్ అయిన మొదటి గంటల్లో క్వెరీలు నత్తనడక నడిచే పాత బాధ ఈసారి తగ్గింది. 18లో డేటా చెక్‌సమ్‌లు (డిస్క్‌లో డేటా చెడిపోతే పట్టుకునే తనిఖీ సంఖ్యలు) డిఫాల్ట్‌గా ఆన్ అయి ఉంటాయి, పాత క్లస్టర్‌లో (పాత వెర్షన్ డేటాబేస్‌లో) అవి లేకపోతే అప్‌గ్రేడ్ మొదట్లోనే ఆగిపోతుంది. ముందుగా పాతదానిలో పీజీ చెక్‌సమ్స్ నడిపి ఆన్ చేసుకోవడం మంచిది, దానికి డేటాబేస్ ఆపాలి కనుక సమయం కేటాయించుకోవాలి. ఇదే అదనుగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా ఉబుంటు 18.04 వంటి పాతదాని నుంచి మారుస్తుంటే, లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమం మారినందువల్ల టెక్స్ట్ కాలమ్‌లపై ఉన్న ఇండెక్సులను రీఇండెక్స్ చేయాలి, లేకపోతే టేబుల్‌లో ఉన్న వరుస కూడా వెతికినప్పుడు దొరకకపోవచ్చు. 16, 17లపై సాఫీగా నడుస్తున్నవారికి తొందర లేదు.